జిల్పా బోర్లించిన కాగు

జిల్పాకి రెండు నోళ్ళుండేవి. ఈ మాట ఆమె తన గురించి తానే చెప్పుకునేది. తెల్లవాళ్ళ పెరటి గుమ్మం దగ్గర తెరిచే నోరు ఒకటి, నెబో కొండ చర్చి మెట్ల మీద తెరిచే నోరు ఇంకొకటి. మొదటి నోట్లోంచి తేనె కారేది. రెండో నోటికి జడిసి పాస్టరు కూడా ప్రసంగం తొందరగా ముగించేవాడు. ఈ రెండు నోళ్ళూ ఒకదానికొకటి ఎదురుపడకుండా దాదాపు తొంభై ఏళ్ళు నెట్టుకొచ్చింది.

ఒకోనీ ఏటి పక్కన, టార్వర్ దొరల పత్తి చేల అంచున రెండు గదుల చెక్క ఇంట్లో ఆమె కాపురం. మొగుడు పోయి చాలా కాలమైంది. ఒక్కగానొక్క కొడుకు రైలు పట్టాల పనికని వెళ్ళి అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు, ఆ దిగులుతో కోడలూ పోయింది. మిగిలింది వాళ్ళ పిల్లలిద్దరు. మనవడు యూలిస్ టార్వర్ల పొలాన్ని పాలికి చేస్తాడు. మనవరాలు ఆర్డెల్లా మేకన్ పట్నంలో మన నల్లపిల్లల బడిలో పంతులమ్మ. ఆ పిల్ల చదువంతా జిల్పా బట్టల కాగులోంచే వచ్చింది.

ఆ కాగు సంగతి ముందు చెప్పాలి. మూడు పొట్టి కాళ్ళున్న నల్లటి ఇనప కాగు అది. బట్టలుతికి బతికే ఏ ఇంట చూసినా అలాంటిది ఒకటి ఉంటుంది. దాంట్లో బూడిద సబ్బు వేసి దొరల దుప్పట్లు ఉడకబెడతారు, పందిని కోసిన రోజున కొవ్వు కాస్తారు. పని కాగానే వాన నీళ్ళు చేరకుండా పెరట్లోనే బోర్లిస్తారు. జిల్పా మాత్రం దాన్ని ఈడ్చుకొచ్చి సరిగ్గా గుమ్మం ముందు బోర్లించేది. వచ్చేపోయేవాళ్ళ మోకాళ్ళు దానికి కొట్టుకుని పచ్చడయ్యేవి.

ఆమె ఈడు మనిషి, చర్చి పెద్దమ్మ మహేలా, వచ్చినప్పుడల్లా కాలు రుద్దుకుంటూ దెప్పేది. "నీ ఇంటికి కుక్క ఎందుకే జిల్పా, ఈ కాగే కరుస్తుంది."

"ఎవరిని కరవాలో దానికి తెలుసులే," అనేది జిల్పా.

పాతకాలం వాళ్ళకి అసలు కారణం తెలుసు. బానిస రోజుల్లో చీకటి పడ్డాక గుడిసెలో రహస్యంగా ప్రార్థనకి కూడేవాళ్ళు. దొరకి తెలిస్తే వీపులు చిట్లిపోతాయి. అందుకని గుమ్మం దగ్గర కాగు బోర్లించేవాళ్ళు. లోపలి మాటని అది మింగేసి బయటికి పోనివ్వదని నమ్మకం. ఆ రోజులు పోయి ఒక తరం పుట్టి ముసలిదయింది. అయినా జిల్పా కాగు గుమ్మం వదల్లేదంటే ముసలి చాదస్తం అనుకుని అందరూ ఊరుకున్నారు.

ఆ ఏడు పత్తి గింజ వేసే రోజుల్లో మిస్ కార్నీలియా టార్వర్ కారు వచ్చి ఆ వాకిట్లో ఆగింది. ప్రభుత్వం పాత బానిసల కథలు రాయిస్తోందట, అందరూ చచ్చిపోకముందే. చదువుండీ ఉద్యోగం లేనివాళ్ళకి ఆ పని అప్పగించింది. మనవాళ్ళలో పెన్ను పట్టగలవాళ్ళే లేనట్టు మా వైపుకి టార్వర్ల పిల్లనే పంపారు. మనుషుల్ని కొన్నవాడి మనవరాలు వచ్చి, అమ్ముడుపోయిన మనిషి కూతుర్ని అడుగుతుంది, ఆ రోజులెలా ఉండేవమ్మా అని. దొంగే వచ్చి పోయిన సొమ్ము గురించి వాకబు చేసినట్టు.

నిజం చెప్పాలంటే మిస్ కార్నీలియా చెడ్డ మనిషి కాదు. మెత్తటి మాట, కళ్ళల్లో ఎప్పుడూ కాస్త తడి. వచ్చేటప్పుడు పీచ్ పండ్లతో చేసిన జామ్ సీసా తెచ్చింది. "జిల్పా పిన్నీ" అని పిలిచింది. మా వైపు తెల్లవాళ్ళు నల్లవాళ్ళని గారు అని చచ్చినా అనరు. మనిషి ముసలిదైపోతే అలా వరస కలిపి సరిపెడతారు.

ఆమె వస్తుందని తెలిసి ముందు రోజే మహేలా వచ్చి జాగ్రత్తలు చెప్పి వెళ్ళింది. ఆ అమ్మాయి కాగితాల్లో పేరు ఎక్కినవాళ్ళకే వాషింగ్టన్ నుంచి ముసలివాళ్ళ పింఛను వస్తుందని చర్చిలో అనుకుంటున్నారు, కాబట్టి తీపి మాటలే చెప్పు అని. అందులో నిజం లేదు. కానీ అలా ఎందరో నమ్మారు, నమ్మి తేనె కార్చారు. జిల్పాకి పింఛను మీద అంత ఆశ లేదు. ఆమె దృష్టంతా యూలిస్ మీద ఉంది. పొలం టార్వర్లది, ఇల్లు టార్వర్లది, గాడిద కూడా వాళ్ళదే. నోరు జారితే మనవడు నడిరోడ్డున పడతాడు.

అందుకని ఉతికిన ఏప్రాన్ కట్టుకుని, ఉన్న మంచి కుర్చీ దొరసానికి వేసి, తాను మెట్టు మీద కూర్చుని మొదటి నోరు తెరిచింది. పెద్ద దొరగారు దేవుడు తల్లీ అంది. తన చేత్తో కొరడా ముట్టుకుని ఎరగరు, దానికి వేరే మనిషిని పెట్టారు అంది. తిండికి లోటే లేదు, పెట్టినదాంట్లో చాలనిది మేమే వెతుక్కునేవాళ్ళం అంది. ఆదివారం పూట పని లేదు, చేసేదాన్ని పని అనేవాళ్ళు కారు అంది. మిస్ కార్నీలియా తల ఊపుతూ అన్నీ రాసుకుంది. ఒక్కదానికీ చెయ్యి ఆగలేదు.

ఆఖర్న ఆమె పెన్ను పక్కన పెట్టి అడిగింది. "మీ అమ్మ గుర్తుందా పిన్నీ? హెస్టర్. ఆమె చేత్తో చేసిన మొక్కజొన్న రొట్టె గురించి మా నాన్నమ్మ చనిపోయేదాకా చెప్పింది."

"గుర్తు లేకేం చిన్న దొరసానీ."

"ఎలా పోయింది?"

జిల్పా చేతులు ఏప్రాన్ అంచుని మడతలు పెట్టడం మొదలెట్టాయి. గుమ్మంలో కాగు బోర్లించే ఉంది. దానివైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకుంది.

"జ్వరమమ్మా," అంది. "ఒళ్ళు కాలిపోయింది. పెద్ద దొరసానిగారే పక్కన కూర్చుని తన చేత్తో అమ్మ కళ్ళు మూశారు."

మిస్ కార్నీలియా ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, రుమాలు తడిసేలా. కారు వెళ్ళిపోయాక జిల్పా జామ్ సీసా తీసుకెళ్ళి కోళ్ళ గూటి వెనక పెట్టి వచ్చింది. ఎవరూ తినలేదు.

ఎండలు ముదిరి బడులు మూసేశాక ఆర్డెల్లా వచ్చింది. వచ్చేసరికి జిల్లా పత్రికలో నాయనమ్మ ఫోటోతో సహా ఆ కథ అచ్చయి ఉంది. వసారాలో నిలబడే మొత్తం చదివింది. జిల్పా యాసని అక్షరం అక్షరం వంకర తిప్పి అచ్చువేశారు, చదివేవాళ్ళు నవ్వుకోవాలని. కొరడాకి వేరే మనిషిని పెట్టిన వాక్యం దగ్గర ఆర్డెల్లాకీ నవ్వొచ్చింది. ఆ నవ్వు వేరు. ఇంత మాట కళ్ళెదురుగా చెప్పినా ఆ రాసినమ్మకి ఎక్కలేదే అని. ఆఖర్న హెస్టర్ జ్వరం దగ్గరికి వచ్చేసరికి మొహం మారిపోయింది.

"మీ అమ్మని అమ్మేశారన్నావుగా నాయనమ్మా. చిన్నప్పుడు నేనడిగితే ఒకే ఒక్కసారి చెప్పావు. ఇందులో జ్వరమేంటి?"

"అమ్మేసినవాళ్ళకి జ్వరం రాదా ఏంటి," అంది జిల్పా, బఠాణీలు ఒలుస్తూ.

"నాతో ఆ నోటితో మాట్లాడకు."

జిల్పా చెయ్యి ఆగింది. మనవరాలు అలా అనడం అదే మొదటిసారి. ఆర్డెల్లా కూడా తన మాటకి తానే బెదిరి, పక్కన కూర్చుని తనూ బఠాణీలు ఒలవసాగింది. ఒలుస్తూ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. బానిసతనం నుంచి పారిపోయి ఉత్తరాదికి చేరినవాళ్ళు తమ కథల్ని తామే రాసుకున్నారు, వాటిలో కొన్ని తమ బడి బీరువాలో ఉన్నాయి. చదువుకుంటే కొరడా దెబ్బలు తినాల్సిన రోజుల్లో దొంగతనంగా అక్షరాలు నేర్చి రాసిన పుస్తకాలవి. చాలావాటికి, నా చేత్తో నేనే రాశాను అని పైనే రాసుకుంటారు. అయినా నమ్మరేమోనని ముందు పేజీల్లో తెల్ల పెద్దమనుషులు ఉత్తరాలు రాసి పెట్టేవారు, ఈ మనిషి చెప్పేది నిజమే, మాకు తెలుసు అని.

జిల్పా విని పెదవి విరిచింది. "వీపు మీద వాత మనది, సాక్ష్యం వాళ్ళదా?"

"అదే కదా. అయినా రాశారు. మనవాళ్ళు పాట పాడారు, ప్రార్థన చేశారు, ఆ తర్వాత కాగితం మీద పెట్టిన మొదటి మాట అదే నాయనమ్మా. నేను మనిషిని, నాకిది జరిగింది అని. ఇవాళ మనవాళ్ళు కథ రాసినా నవల రాసినా ఆ మాట మీద నిలబడే రాస్తారు." ఆర్డెల్లా పత్రిక మీద చెయ్యి పెట్టింది. "ఇప్పుడు నీ పేరు మీద జ్వరమని అచ్చయింది. రేపు నా బడి పిల్లలు ఇదే చదువుతారు. హెస్టర్ని ఎవరూ అమ్మలేదు, దొరసానే పక్కన కూర్చుని ఆమె కళ్ళు మూసింది అని."

"చదవనీ. మీ అన్న చేలో పత్తి పూతకొచ్చింది."

ఆర్డెల్లా పత్రిక మడిచి పక్కన పెట్టి, మళ్ళీ బఠాణీలు అందుకుంది.

అంతటితో పోతే బాగుండేది. అబద్ధం ఒకసారి అచ్చులో పడ్డాక దానికి కాళ్ళొస్తాయి. వారం తిరక్కుండా యూలిస్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చి కబురు చెప్పాడు. టార్వర్ల కుటుంబం పత్రిక చదివి కదిలిపోయిందట. వాళ్ళ సొంత శ్మశానంలో, కంచె పక్కన, హెస్టర్ పేరు మీద పాలరాయి వేయిస్తున్నారు. రాయి మీద 'మా నమ్మకమైన హెస్టర్' అని చెక్కిస్తారు. జిల్పా వచ్చి తన చేత్తో గుడ్డ తీయాలి, నాలుగు ముక్కలు చెప్పాలి. యూలిస్‌కి ముత్తవ్వ గురించి జ్వరం సంగతి తప్ప ఏమీ తెలియదు. వాడు ఇదేదో గౌరవమనుకుని చెప్పాడు పాపం.

జిల్పా కుర్చీలో వెనక్కి వాలింది. "కింద ఎవర్ని పెడతారంటరా?" అంది.

"ఎవర్నీ పెట్టరు నాయనమ్మా. రాయే."

"సరే. రాయేగా."

గుడ్డ తీసే రోజు ఆదివారం. చర్చి అయ్యాక యూలిస్ బండి కట్టి తీసుకెళ్ళాడు. ఆర్డెల్లా రానని భీష్మించుకుని కూర్చుంది. తీరా బండి కదిలేసరికి పరిగెత్తుకొచ్చి ఎక్కింది. అక్కడ తెల్ల దొరసానులు విసనకర్రలతో నీడలో కూర్చున్నారు. జిల్పాకి ఒక కుర్చీ వేశారు. యూలిస్, ఆర్డెల్లా కంచె బయట నిలబడ్డారు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు, వాళ్ళకే తెలుసు.

జిల్పా గుడ్డ లాగింది. తెల్లటి రాయి. దాని మీద తల్లి పేరు. తల్లి పేరు రాసి ఉండగా చూడటం ఆమెకి అదే మొదటిసారి. చదవడం రాకపోయినా వేలితో అక్షరాలు తడిమింది. ఆ క్షణాన నిజం ఆమె గొంతు దాకా వచ్చింది. ఇది అబద్ధం, మా అమ్మ ఇక్కడ లేదు, మీరే అమ్ముకున్నారు అని చెప్పేయాలనిపించింది. కంచె వైపు చూసింది. యూలిస్ టోపీని గుండెకి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. అచ్చం వాళ్ళ నాన్నలాగే ఉన్నాడు.

"మా అమ్మకి ఎంత మంచి రాయి," అంది. "పెద్దలు మరిచిపోలేదు. చల్లగా ఉండాలి."

చప్పట్లు కొట్టారు. మిస్ కార్నీలియా వచ్చి కౌగిలించుకుంది. నిమ్మరసం ఇస్తే తాగింది.

ఇంటికొచ్చి, యూలిస్ గాడిదని కట్టేయడానికి వెళ్ళాక, జిల్పా గుమ్మం ముందు ఆగింది. కాగు బోర్లించే ఉంది, ఎప్పటిలాగే. అయినా మనవరాల్ని పిలిచి, అంచు చుట్టూ మట్టి వేసి నొక్కమంది, ఎక్కడా సందు లేకుండా. ఆర్డెల్లా ఆదివారం గౌనుతోనే మోకాళ్ళ మీద కూర్చుని మట్టి నొక్కింది. జిల్పా కాలితో తోసి చూసి, సరిపోయిందనుకుని లోపలికి వచ్చి తలుపు వేసింది. బయట ఇంకా ఎండ ఉంది.

అప్పుడు చెప్పింది. ఆ కాగు టార్వర్ల వంటింటిది, హెస్టర్ చేతిలో నడిచింది. ప్రార్థన ఎప్పుడూ హెస్టర్ గుడిసెలోనే, నడిపించేది కూడా హెస్టరే. ఆమె గొంతెత్తితే మనుషులు కూర్చున్నచోట కూర్చోలేకపోయేవారట. కాగు దగ్గర కాపలా ఏడెనిమిదేళ్ళ జిల్పాది. ఎవరూ దాన్ని తన్నకుండా, కదపకుండా చూసుకోవాలి.

"పెద్దవాళ్ళంతా అనేవాళ్ళు, మాటలన్నీ కాగులోకి పోతాయని. నాకు ఒకటే ఆలోచన. మా అమ్మ గొంతు లోపల ఎలా ఉంటుందా అని. పగలంతా ఆమె దొరల వంటింట్లో, నేను దొరసాని పిల్లల ఊయల దగ్గర. ఆమె నాకు దొరికేది ఎక్కడ? కాగులో ఆమె గొంతు నిండిపోయి ఉంటుందనుకున్నా. ఒక రాత్రి పుల్ల పెట్టి అంచు ఎత్తి చెవి పెట్టా."

"వినపడిందా?" అంది ఆర్డెల్లా.

"గుర్రాలు వినపడ్డాయి."

రాత్రిళ్ళు బానిసల్ని కాపు కాసే గస్తీవాళ్ళు వచ్చారు. చెల్లాచెదురుగా పరిగెత్తినవాళ్ళని పరిగెత్తిన చోటే కొట్టారు. ప్రార్థనలో హెస్టర్ విడుదల కోసం అడిగిందని దొరకి తెలిసింది. అలాంటి నోరు తన పొలంలో ఉండకూడదన్నాడు. తెల్లారగానే బానిసల బేరగాడికి కబురు పంపాడు. సంకెళ్ళ వరసలో కలిపి దక్షిణానికి తోలుకుపోతుంటే, గుడిసెల దారి వెంట పోతూ హెస్టర్ కూతుర్ని పిలిచింది.

"నేను గుడిసె కింద దూరి ఉన్నా. రాళ్ళ మీద నిలబెట్టిన గుడిసెలు కదా, కింద కోళ్ళు పడుకునేవి. అంచు ఎత్తింది నేనేనని అమ్మకి తెలిసిపోయిందనుకున్నా. కొడుతుందని భయం. ఆమె కాళ్ళు కనపడుతున్నాయి నాకు. జిల్పా, ఎక్కడున్నావే తల్లీ అంది. మళ్ళీ పిలిచింది. నేను పలకలేదే. ఒక్కసారి ఊఁ అనలేదు. కాళ్ళు వెళ్ళిపోయాయి."

ముసలామె ఏడవలేదు. ఆర్డెల్లా ఏడ్చింది. ఏడుస్తూనే ఆమె చేతులు పట్టుకుని, తాను చదివిన చదువంతా కూడగట్టుకుని చెప్పింది. కాగు మాటల్ని పట్టదు నాయనమ్మా, ఇనప కాగు అంచు ఎత్తినంత మాత్రాన ఏమీ కాదు, ఎవరో ఒకరు చెప్పేసి ఉంటారు, నువ్వు పసిదానివి అని.

జిల్పా తల అడ్డంగా ఊపింది. "అన్నేళ్ళు దాని చాటున దేవుణ్ణి పిలుచుకున్నాం. ఏ గుర్రమూ రాలేదు. నేను ఎత్తిన రోజే వచ్చింది. నీ చదువులో దీనికేముందో నాకు తెలీదు." గొంతు తగ్గించి మరో మాట అంది. "యూలిస్ కోసం జ్వరమన్నానని నువ్వనుకున్నావు. అదీ నిజమే. కానీ జ్వరమంటే ఇంకో సుఖం ఉందే. జ్వరంలో ఎవరూ కాగు ఎత్తక్కర్లేదు. ఎవరూ గుడిసె కింద దాక్కోనక్కర్లేదు."

స్వేచ్ఛ వచ్చిన ఏడు దొరలు పారేసిన సామానులోంచి ఆ కాగుని ఆమె దొర్లించుకుంటూ తెచ్చుకుంది. పడుకోబోయే ముందు చెవి పెట్టి వినేది. ఎన్ని దుప్పట్లు ఉడికించినా, ఎంత కొవ్వు కాచినా, దాని అడుగున తల్లి గొంతు ఉండిపోయిందనే ఆమె నమ్మకం. ఇదంతా రాస్తాను, చెప్పు అని ఆర్డెల్లా అడిగింది. రాయి అంది జిల్పా. కానీ తాను బతికుండగా చదవొద్దంది. యూలిస్ ఆ నేల మీద ఉన్నన్నాళ్ళూ అసలే వద్దంది.

"ఇంకోటి. నేను పోయాక కాగు అడుగు పగలగొట్టించు. లోపలున్నది ఎటు పోవాలంటే అటు పోతుంది."

పత్తి తీత మొదలైన రోజుల్లో జిల్పా పోయింది. కొన్నాళ్ళుగా మంచం దిగడం లేదు. చివరి పూట మజ్జిగలో రొట్టె నలిపి పెడితే రెండు ముద్దలు తింది, గిన్నె పక్కన పెట్టమంది, అంతే. మిస్ కార్నీలియా తెల్ల పూలు పంపింది. చెడ్డ మనిషి కాదని ముందే చెప్పాను.

నెబో కొండ శ్మశానంలో మా వాళ్ళ సమాధుల మీద పాలరాళ్ళుండవు. పోయినవాళ్ళు వాడుకున్న కప్పు, దీపపు చిమ్నీ, గడియారం, ఏవైతే చివరిదాకా చేతిలో ఉన్నాయో వాటిని తెచ్చి పెడతారు. పెట్టేముందు పగలగొడతారు. అలా పగలగొట్టకపోతే పోయినవాళ్ళు వాటికోసం వెనక్కి వస్తారని, వెంట ఇంకొకర్ని తీసుకుపోతారని భయం. జిల్పా సమాధి మీద మజ్జిగ గిన్నె పెట్టారు, ఇస్త్రీపెట్టె పెట్టారు. యూలిస్ బండిలోంచి కాగు దించి, మట్టి మీద బోర్లించి, సమ్మెట ఎత్తి మూడు కాళ్ళ మధ్య కొట్టాడు. పాత ఇనుము, రెండో దెబ్బకే అడుగు ఊడి లోపలికి పడింది.

ఆర్డెల్లా బైబిల్లో కాగితాలున్నాయి. ఆ ఆదివారం నుంచి రాస్తూ వచ్చినవి. తీసే ఉద్దేశం ఆమెకి లేదు. నాయనమ్మకి మాటిచ్చింది. యూలిస్ సమ్మెట కింద పెట్టి, చెమట తుడుచుకుని చెల్లెలి వైపు చూశాడు.

"రాశావటగా. చదువు."

"వద్దంది అన్నయ్యా. నువ్వు ఆ పొలంలో ఉన్నన్నాళ్ళూ వద్దంది. నీకెవరు చెప్పారు?"

"చెక్క గోడలే. ఆ రోజు గాడిదని కట్టేసి గోడ అవతలే నిలబడ్డా. రాయి దగ్గర ఆమె ఎందుకలా మాట్లాడిందో అప్పటిగ్గానీ తెలీలేదు నాకు."

"మరి పొలం?"

"నా పొలమా అది?" అన్నాడు యూలిస్. "గట్టిగా చదువు. కంచె పక్కనున్న ఆ రాయి దాకా వినపడాలి."

చదివినది సాయంత్రం కాకముందే టార్వర్ల ఇంటికి చేరింది. పంట ఇంటికి తోలగానే యూలిస్‌ని ఖాళీ చేయమన్నారు. వాడు మేకన్‌లో ఇటుకల బట్టీలో పనికి చేరాడు, నేల లేని రైతు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు చివరిదాకా. మిస్ కార్నీలియా మళ్ళీ మా వైపు కథలు రాయడానికి రాలేదు. పాలరాయి ఇప్పటికీ అక్కడే ఉంది, కింద ఎవరూ లేకుండా. ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రోజు మాత్రం ఆర్డెల్లా కాగితాలు విప్పి నిలబడింది. మొదటి వరస చదివింది: "ఇది జిల్పా చెప్పింది, మనవరాలు రాసింది. వేరే సాక్ష్యం లేదు." మహేలా కర్ర మీద ఆనుకుని ఊఁ అంది. చర్చిలో పాస్టరు ప్రతి మాటకీ ఊఁ కొట్టే అలవాటు మా వాళ్ళది, నోరు ఊరుకోదు. ఆర్డెల్లా చదువుతుంటే ఒక్కో వాక్యానికీ ఎవరో ఒకరు ఊఁ కొడుతూనే ఉన్నారు. కాగు దగ్గర ఊఁ అన్నారు. గుర్రాల దగ్గర ఆడవాళ్ళు గొంతులో మూలిగారు. అలా సంకెళ్ళ వరస దాకా వచ్చింది.

"హెస్టర్ గుడిసెల దారిలో నడుస్తూ పిలిచింది," చదివింది ఆర్డెల్లా. "జిల్పా, ఎక్కడున్నావే తల్లీ."

తర్వాతి వరస ఏమిటో ఆమెకి తెలుసు. ఎవరూ పలకలేదు, అని రాసి ఉంది. తనే రాసింది. చదవబోయి ఆగింది. జనం ఎదురుచూస్తూ నిలబడ్డారు.

మహేలా కర్ర విడిచిపెట్టి, అడుగు లేని కాగు దగ్గరికి వచ్చి, పగిలిన అంచు పట్టుకుని మెల్లగా దాని లోపలికి వంగింది.

"ఇక్కడే ఉన్నానమ్మా," అంది.

వెనక నుంచి ఇంకెవరో అన్నారు. తర్వాత యూలిస్ అన్నాడు, ఆ తర్వాత అందరూ అన్నారు. ఆర్డెల్లా ఆ వరస చదవకుండా కాగితం మడిచేసింది.